సెనేట్ ముందుకు వెళ్లే మనిషిని ఎలా సిద్ధం చేస్తారు?

మీరు అడిగినవి మూడు విషయాలు. మీ మేనకోడలు అమెరికా పౌరురాలు, ప్రజారోగ్య రంగంలో చాలాకాలంగా పనిచేస్తోంది. 2028 ఎన్నికల తర్వాత కొత్త ప్రభుత్వంలో, ఆరోగ్య శాఖలో అసిస్టెంట్ సెక్రటరీ స్థాయి పదవికి తన పేరు పరిశీలించవచ్చని ఆమెకు తెలిసిన పెద్దవాళ్లు అంటున్నారు. సెనేట్ ఆమోదానికి ఆమెను ఎలా సిద్ధం చేస్తారు? హైదరాబాద్‌లో ఉన్న ఫ్లాటు, బ్యాంకు ఖాతాలు అడ్డమవుతాయా? ఇప్పటి ఉద్యోగం ఎప్పుడు వదలాలి?

నేను అధ్యక్షుడు మారే సమయంలో, కొత్త అధ్యక్షుడు పదవులకు ప్రతిపాదించే నామినీలను సిద్ధం చేసే టీముల్లో పనిచేసినదాన్ని. అందరికీ టెన్షన్ టీవీలో కనిపించే హియరింగ్ (సెనేట్ కమిటీ నామినీని ప్రశ్నించే సమావేశం) గురించే. నేను చూసినంతలో నామినేషన్లు దెబ్బతినేది అక్కడ తక్కువ. హియరింగ్ తేదీ రాకముందే, కాగితాల దగ్గరే చాలా వరకు తేలిపోతుంది. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ భాగం కాగితాల గురించే రాస్తున్నాను.

కొంచెం నేపథ్యం. కొత్త అధ్యక్షుడు నింపుకోవాల్సిన రాజకీయ పదవులు దాదాపు 4,000. వాటిలో సుమారు 1,300 పదవులకు రాజ్యాంగం రెండో అధికరణం ప్రకారం సెనేట్ ఆమోదం కావాలి. శాఖాధిపతులకే కాదు, డిప్యూటీ సెక్రటరీలకూ, అసిస్టెంట్ సెక్రటరీల్లో చాలామందికీ, రాయబారులకూ ఇది తప్పదు. ఏ పదవికి ఆమోదం కావాలో ప్లమ్ బుక్ అని పిలిచే ప్రభుత్వ జాబితాలో ఉంటుంది. మీ మేనకోడలు మొదట చూడాల్సింది అదే. ఆరోగ్య శాఖలో కొన్ని పదవులు ఫైనాన్స్ కమిటీకి వెళ్తాయి, కొన్ని ఆరోగ్యం, విద్య, కార్మిక విషయాలు చూసే హెల్ప్ కమిటీకి వెళ్తాయి. కమిటీని బట్టి అడిగే కాగితాలు మారతాయి. ఫైనాన్స్ కమిటీ అయితే చివరి మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు అడిగి తీసుకుని, వాళ్ల సొంత సిబ్బంది చేత వరస వరసా చదివిస్తుంది.

నవంబరు మొదట్లో ఎన్నిక, జనవరి 20 మధ్యాహ్నం ప్రమాణం. మధ్యలో ఉండేది సుమారు 11 వారాలు. ఆ వ్యవధి చాలదు కాబట్టే 2010లో వచ్చిన చట్టం ప్రధాన పార్టీల అభ్యర్థులకు ఎన్నికకు ముందు నుంచే ఆఫీసు, సదుపాయాలు ఇస్తోంది. కొత్త సెనేట్ జనవరి 3న కొలువుతీరుతుంది కనుక, ముఖ్యమైన నామినీల హియరింగులు ప్రమాణానికి ముందే మొదలవుతాయి. 2025లో విదేశాంగ మంత్రి పదవికి మార్కో రూబియో హియరింగ్ జనవరి 15న జరిగింది, 20వ తేదీనే 99-0 ఓట్లతో ఆమోదం వచ్చింది. ఇది కేబినెట్ పెద్ద పదవుల సంగతి. అసిస్టెంట్ సెక్రటరీల వంతు వచ్చేసరికి వేసవి కావచ్చు, ఆ తర్వాతా కావచ్చు. మీ కుటుంబం ముందుగా మానసికంగా సిద్ధం కావాల్సింది ఈ నిరీక్షణకే.

ఈ ఆలస్యం ఆ ఒక్క కుటుంబం ఇబ్బంది మాత్రమే కాదు. 2000 ఎన్నిక ఫలితం మీద వివాదం 36 రోజులు నడిచి, అధికార మార్పిడికి (ట్రాన్సిషన్) దొరికే సమయం సగానికి పడిపోయింది. 2001 సెప్టెంబరు 11 దాడులపై విచారించిన కమిషన్ ఈ సంగతిని ప్రత్యేకంగా రాసింది: కొత్త ప్రభుత్వానికి డిప్యూటీలు కుదురుకునేసరికి వసంతం అయింది, కీలకమైన కింది స్థాయి అధికారుల ఆమోదం వేసవి దాకా పూర్తి కాలేదు. కుర్చీ ఖాళీగా ఉంటే నిర్ణయం తీసుకునేవాడు ఉండడు. నామినీని బాగా సిద్ధం చేయడం ప్రజలకు చేసే సేవ అని నేను నమ్మేది అందుకే.

ఇక కాగితాలు. ప్రధానంగా మూడు కట్టలు ఉంటాయి. మొదటిది ఎస్.ఎఫ్.-86, భద్రతా పరిశీలన కోసం. పదేళ్లలో ఎక్కడెక్కడ నివసించారు, ఎక్కడ పనిచేశారు, ఏడేళ్లలో ఏ దేశాలకు వెళ్లారు, విదేశాల్లో ఎవరితో సన్నిహిత సంబంధాలున్నాయి, విదేశాల్లో ఏం ఆస్తి ఉంది, అన్నీ రాయాలి. ఎఫ్.బి.ఐ. దీన్ని పట్టుకునే పాత ఇరుగుపొరుగును, సహోద్యోగులను కలిసి మాట్లాడుతుంది. రెండోది 278-ఇ అనే ఆర్థిక వివరాల ఫారం, దీన్ని ఎవరైనా అడిగి చూడవచ్చు. 1978 నాటి ఎథిక్స్ చట్టంతో వచ్చింది. భర్త ఆస్తులు, ఆమె మీద ఆధారపడిన పిల్లల పేరున ఉన్నవి కూడా ఇందులో చేరతాయి. మూడోది కమిటీ సొంత ప్రశ్నావళి. రాసిన వ్యాసాలు, చేసిన ప్రసంగాలు, సభ్యత్వాలు, కోర్టు కేసులు అన్నీ అడుగుతారు. వీటన్నిటికీ ముందు ట్రాన్సిషన్ లాయర్లు ఒక గదిలో కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడుగుతారు. దాన్నే వెటింగ్ అంటారు.

ఆ గదిలో ఏదీ దాచకూడదు. నామినీలకు నేను అందరికంటే గట్టిగా చెప్పేది ఇదొక్కటే. తప్పు ఉన్నా చాలాసార్లు సర్దుకోవచ్చు. అది మన నోటి నుంచి కాకుండా కమిటీ సిబ్బంది ద్వారానో, పత్రిక ద్వారానో బయటికొస్తే అప్పుడు చర్చ తప్పు మీద నుంచి నిజాయితీ మీదికి మళ్లుతుంది. ఎస్.ఎఫ్.-86లో తెలిసి అబద్ధం రాస్తే అదే ఒక నేరం.

పాత ఉదాహరణలు చూడండి. 1993లో క్లింటన్ అటార్నీ జనరల్‌గా ఎంచుకున్న జోయి బేర్డ్, ఇంట్లో పనికి సరైన పత్రాలు లేని దంపతులను పెట్టుకుని, వాళ్లకు సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టలేదన్న కారణంతో తప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత అదే పదవికి పరిశీలనకు వచ్చిన జడ్జి కింబా వుడ్ చట్టం తప్పకపోయినా, అలాంటి విషయమే అని తప్పుకున్నారు. 2009లో ఆరోగ్య శాఖకే నామినీ అయిన టామ్ డాష్లే, ఒకప్పుడు సెనేట్‌లో మెజారిటీ నాయకుడు, తను వాడుకున్న కారు, డ్రైవరు సదుపాయానికి సంబంధించి లక్ష డాలర్లకు పైగా పన్ను బకాయి బయటపడి వైదొలిగారు. సెనేట్‌లో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. ఆ పరిచయాలేవీ కాపాడలేదు. అదే నెలల్లో తిమోతీ గైట్నర్‌కు కూడా అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐ.ఎం.ఎఫ్.)లో పనిచేసిన కాలపు పన్ను సమస్య వచ్చింది. ఆయన బకాయి కట్టి, కమిటీ ముందు ఒప్పుకుని, 60-34 ఓట్లతో ట్రెజరీ కార్యదర్శి, అంటే ఆర్థిక మంత్రి అయ్యారు. కమిటీ అడగబోయే లెక్కను నామినీయే ముందుగా వేసుకుని ఉంటే ఈ గొడవలు చాలావరకు రావు.

ఇక్కడే మన తెలుగు కుటుంబాల సంగతి. హైదరాబాద్ ఫ్లాటు ఉండటం తప్పేమీ కాదు. చెప్పకపోవడమే తప్పు. విదేశంలో ఇల్లు ఎస్.ఎఫ్.-86లో రాయాలి. అద్దె వస్తుంటే 278-ఇలోనూ రాయాలి. ఆ అద్దె మీద ఇండియాలో పన్ను కట్టినా, అమెరికా రిటర్నులో కూడా చూపించాలి. ఎన్నారై ఖాతాలు, ఫిక్సెడ్ డిపాజిట్లు, నాన్నగారితో ఉమ్మడి ఖాతా, అమ్మ ఖాతాలో సంతకం పెట్టే హక్కు, ఇవన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్.బి.ఏ.ఆర్. అనే విదేశీ ఖాతాల రిపోర్టు దాఖలు చేయాలి. చాలామంది తెలుగువాళ్లకు దీని గురించి తెలియదు, లేదా నాన్నగారి డబ్బు కదా మనకేం సంబంధం అనుకుంటారు. డబ్బు మనది కాకపోయినా, సంతకం హక్కు ఉంటే చాలు, ఆ ఖాతా లెక్కలోకి వస్తుంది. కావాలని చేసిన ఎగవేత కాకపోతే, పాత సంవత్సరాలవి సరిచేసుకోవడానికి అమెరికా పన్నుల శాఖ ఐ.ఆర్.ఎస్.లో దారులున్నాయి. కానీ ఆ పని ట్రాన్సిషన్ టీము నుంచి ఫోన్ వచ్చాక కాదు, ఇప్పుడే ఒక అనుభవమున్న సి.పి.ఏ. (లైసెన్సున్న అకౌంటెంటు) దగ్గర కూర్చుని చేయాలి.

ఊళ్లో తాతగారి పొలంలో వాటా, అన్నదమ్ముల మధ్య ఇంకా పంపకం కాని ఇల్లు, బంధువుల పేరున కొన్న ప్లాటు కూడా లాయరుకు చెప్పాలి. "అది నా పేరున లేదుగా" అని వదిలేయవద్దు. రాయాలా అక్కర్లేదా అన్నది లాయరు తేలుస్తారు. ఓసీఐ కార్డు రెండో పౌరసత్వం కాదు, అయినా ఆ విషయం కూడా చెప్పాలి. ఇండియాలో ప్రభుత్వ ఉద్యోగంలో, పోలీసులో, సైన్యంలో ఉన్న దగ్గరి బంధువుల పేర్లు కూడా సిద్ధంగా పెట్టుకోవాలి. ఇంట్లో వంటకో, పిల్లల్ని చూసుకోవడానికో మనిషిని పెట్టుకుని నగదు ఇస్తుంటే ఆ లెక్క కూడా ఇప్పుడే సరిచేసుకోవాలి. బేర్డ్ గారి సంగతి పైన చెప్పాను.

భర్త ఏం చేస్తారో మీరు రాయలేదు. ఫార్మా కంపెనీలోనో, ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థలోనో ఉండి, జీతంలో భాగంగా షేర్లు వస్తుంటే అది పెద్ద విషయం. స్వప్రయోజన విరుద్ధత చట్టం భర్త షేర్లను కూడా ఆమె షేర్లుగానే చూస్తుంది. ప్రభుత్వ ఎథిక్స్ కార్యాలయం, శాఖలోని ఎథిక్స్ అధికారి కలిసి ఆమె చేత ఒక ఒప్పందం రాయిస్తారు: ఏ పదవులకు రాజీనామా ఇస్తారు, ఏ షేర్లు అమ్ముతారు, ఏ ఫైళ్లకు దూరంగా ఉంటారు. మామూలుగా ఆమోదం వచ్చిన 90 రోజుల్లో ఆ పనులు పూర్తి కావాలి. ఒక జాగ్రత్త: కంగారుపడి షేర్లు ముందే అమ్మేయవద్దు. పదవి కోసం తప్పనిసరిగా అమ్మాల్సినవాటికి ఒక సర్టిఫికెట్ ఇస్తారు. అది చేతికి వచ్చాక అమ్మి, 60 రోజుల్లో ట్రెజరీ బాండ్లలోనో, అనుమతించిన మ్యూచువల్ ఫండ్లలోనో పెడితే లాభం మీద పన్ను అప్పటికి వాయిదా పడుతుంది. ముందే అమ్మితే ఆ వెసులుబాటు పోతుంది. ఈ ఫారాలకు సాయం చేసే సొంత లాయరు ఖర్చు సాధారణంగా నామినీయే పెట్టుకోవాలి. దానికి కొంత డబ్బు పక్కన పెట్టుకోమనండి.

పాత రాతల సంగతి కూడా ఇందులోదే. వివేక్ మూర్తి గారు సర్జన్ జనరల్ పదవికి 2013 నవంబరులో నామినేట్ అయ్యారు. తుపాకులను ఆరోగ్య సమస్యగా చెబుతూ ఆయన 2012లో పెట్టిన ఒక ట్వీట్ వల్ల తుపాకీ హక్కుల సంఘం ఎదురు తిరిగింది. ఆమోదం వచ్చేసరికి 2014 డిసెంబరు అయింది, అదీ 51-43తో. 2021లో నీరా టాండన్ వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయం అధిపతి పదవికి ఎంపికైనా, సెనేటర్ల మీద రాసిన పాత ట్వీట్ల వల్లే వైదొలగాల్సి వచ్చింది. అంతకుముందే ఎన్నో ట్వీట్లు తొలగించినా లాభం లేకపోయింది. కాబట్టి మీ మేనకోడలు పాతవి చెరిపే పనిలో పడకుండా, అన్నీ దింపుకుని ఒక ఫైలు చేసి టీముకు ఇవ్వాలి. ఏ వాక్యం ఎవరికి గుచ్చుకుంటుందో చూసి, దానికి ఆమె నిజంగా నమ్మే జవాబు రాసి పెట్టుకోవాలి.

ఇదంతా అయ్యాక మీరు అడిగిన "సిద్ధం చేయడం" మొదలవుతుంది. ప్రతి ముఖ్యమైన నామినీకి ఒక షెర్పాను ఇస్తారు. కొండెక్కేవారికి దారి చూపే షెర్పాల పేరే వీళ్లకూ వచ్చింది. చాలాసార్లు సెనేట్‌లో పనిచేసి వచ్చినవాళ్లే ఉంటారు. సెనేటర్ల ఆఫీసుల్లో అపాయింట్‌మెంట్లు తీసుకోవడం, వెంట వెళ్లడం, ప్రతి సమావేశం తర్వాత ఏం హామీ ఇచ్చారో రాసుకోవడం వీళ్ల పని. చిన్న పదవికి ఒక్కొక్కరికి ఒక షెర్పా దొరకకపోవచ్చు, ఒకరే పదిమందిని చూడవచ్చు. అలాంటప్పుడు శాఖలోని లెజిస్లేటివ్ వ్యవహారాల విభాగం ఆ పని చూస్తుంది.

సెనేటర్లను కలవడానికి వెళ్లినప్పుడు ఉపన్యాసం ఇవ్వకూడదు, వినాలి. ఒక్కో సెనేటరుకు తన రాష్ట్రంలో ఒక బాధ ఉంటుంది. పల్లెల్లో మూతపడుతున్న ఆస్పత్రి కావచ్చు, గిరిజనుల క్లినిక్ కావచ్చు, ఓపియాయిడ్ మందుల వల్ల పోతున్న ప్రాణాలు కావచ్చు. ఆ విషయం తెలుసుకుని వెళ్లిన నామినీకి, తెలియకుండా వెళ్లిన నామినీకి ఇచ్చే గౌరవంలో తేడా నా కళ్లతో చూశాను. శాఖ మీద కాంగ్రెస్ ఆడిట్ సంస్థ జి.ఏ.ఓ. ఇచ్చిన నివేదికలు, శాఖ లోపలి తనిఖీ అధికారి అయిన ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికలు తప్పక చదవాలి. సెనేటర్ల ప్రశ్నలు సగం అక్కడి నుంచే వస్తాయి. సెనేటరు కంటే ముందు కమిటీ సిబ్బందిని, రెండు పార్టీల వాళ్లనూ, గౌరవంగా కలవాలి. పన్నుల మీద, ఫారాల్లోని ఖాళీల మీద వాళ్లే మొదట అడుగుతారు.

తర్వాత మర్డర్ బోర్డ్. పేరు విని భయపడకండి, అది నకిలీ హియరింగ్. పొడవాటి బల్ల, మైకు, నీళ్ల గ్లాసు, ఎదురుగా సెనేటర్ల పాత్ర వేసే మనుషులు. నిజమైన హియరింగ్‌లో లాగే ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. మధ్యలో అడ్డుపడతారు, గొంతు పెంచుతారు, "అవునా కాదా చెప్పండి" అని నిలదీస్తారు. అక్కడ అసలు గదిలో కంటే కష్టంగా ఉండాలి, అప్పుడే ఉపయోగం. వీడియో తీసి మళ్లీ చూపిస్తాం. చాలామంది తమ ముఖంలో చిరాకు కనబడుతోందని అప్పుడే తెలుసుకుంటారు.

ప్రొఫెసర్లకు, డాక్టర్లకు నేను పదే పదే చెప్పేది జవాబు చిన్నది చేయమని. వాళ్లకు విషయం బాగా తెలుసు, అందుకే నాలుగు నిమిషాలు మాట్లాడతారు. తెలియని దానికి "ఆమోదం లభిస్తే పరిశీలించి మీకు తెలియజేస్తాను" అంటే తప్పులేదు, కానీ ప్రతి ప్రశ్నకూ అదే చెబితే కోపం వస్తుంది. ఊహాజనితమైన పరిస్థితులకు హామీ ఇవ్వకూడదు. అధ్యక్షుడి విధానాన్ని దాటి సొంత విధానం ప్రకటించకూడదు. కమిటీ పిలిస్తే వచ్చి సాక్ష్యం ఇస్తారా అన్న ప్రశ్నకు మాత్రం సూటిగా అవునని చెప్పాలి.

మూల విషయాలు రాకపోవడం అన్నింటికంటే ప్రమాదం. 2017 జనవరిలో విద్యా శాఖ మంత్రి పదవికి నామినీ అయిన బెట్సీ డివోస్ గారిని సెనేటర్ ఫ్రాంకెన్, విద్యార్థిని నిర్ణీత స్థాయితో కొలవాలా, అతని ఎదుగుదలతో కొలవాలా అని అడిగారు. విద్యా రంగంలో అందరికీ తెలిసిన చర్చ అది. ఆమె తడబడ్డారు, ఆ క్లిప్పు దేశమంతా తిరిగింది. చివరికి 50-50 అయితే ఉపాధ్యక్షుడు పెన్స్ ఓటుతో గట్టెక్కారు. ఒక కేబినెట్ నామినీకి అలా జరగడం అదే మొదటిసారి. మీ మేనకోడలు తనకు బాగా వచ్చిన అంటువ్యాధుల గురించి కాకుండా, శాఖ బడ్జెట్, చట్టాలు, తన కింద ఉండబోయే ఆఫీసుల పని మీద ఎక్కువ గంటలు పెట్టాలి.

పేరు ప్రకటించాక హియరింగ్ దాకా మీడియాతో మాట్లాడకూడదు. ఆమోదం వచ్చేసినట్టు ప్రవర్తించకూడదు. సెనేటర్లు దీన్ని చాలా పట్టించుకుంటారు. మన సంఘాలు సన్మానాలు చేస్తామంటాయి, ఊళ్లో ఫ్లెక్సీలు కట్టాలని సరదా ఉంటుంది. దయచేసి ఆపండి. "కాబోయే అసిస్టెంట్ సెక్రటరీ గారికి అభినందనలు" అన్న ఒక్క పోస్టు కమిటీ సిబ్బంది చేతికి వెళ్లినా ఇబ్బందే.

హియరింగ్ అయ్యాక రాతపూర్వక ప్రశ్నలు వస్తాయి, వందకు పైగా రావడం కూడా ఉంది. శాఖ సిబ్బంది ముసాయిదా రాస్తారు, కానీ సంతకం ఆమెది. ప్రతి జవాబూ చదవకుండా వదలకూడదు. తర్వాత కమిటీ ఓటు, ఆపైన సభ ఓటు. 2013 నుంచి ఇలాంటి పదవులకు సాధారణ మెజారిటీ చాలు. 2019లో కింది స్థాయి నామినీలపై చర్చను 30 గంటల నుంచి 2 గంటలకు కుదించారు. 2025 సెప్టెంబరులో నియమం మార్చి, 48 మందిని ఒకే ఓటుతో ఆమోదించారు. రాబోయే సెనేట్ దీన్ని ఉంచుతుందో మారుస్తుందో దాని ఇష్టం. అయినా ఎవరో ఒక సెనేటరు, ఈ నామినీకి సంబంధమే లేని గొడవ మీద హోల్డ్ పెట్టవచ్చు, అంటే ఓటు ముందుకు సాగకుండా అడ్డుకోవచ్చు. 2023లో సెనేటర్ ట్యూబర్‌విల్ రక్షణ శాఖ విధానం ఒకటి నచ్చక వందలాది సైనిక అధికారుల ప్రమోషన్లను నెలల తరబడి ఆపారు. అలాంటిది జరిగితే నామినీ చేయగలిగింది ఏమీ ఉండదు. ఏడాది చివర సెనేట్ ముగిస్తే, ఓటు పడని నామినేషన్లు అధ్యక్షుడికి తిరిగి వెళ్తాయి, మళ్లీ పంపాల్సి ఉంటుంది.

చివరిగా ఉద్యోగం. ఇప్పుడు రాజీనామా వద్దు. ట్రాన్సిషన్ నుంచి ఫోన్ వచ్చినా వద్దు, పేరు ప్రకటించినా వద్దు. ఎథిక్స్ ఒప్పందాలు సాధారణంగా "ఆమోదం పొందాక రాజీనామా చేస్తాను" అనే రాస్తాయి. ఆలోగా సలహాదారుగా శాఖలో చేరమని అడగవచ్చు. అది జీతానికి మంచిదే కానీ, ఆ పదవి పనే చేస్తున్నట్టు కనిపించకూడదు. చేరేముందు లాయరును అడగాలి. ఉద్యోగం ఇచ్చిన సంస్థ పైవాళ్లకు, పేరు బయటికి రావడానికి ముందు రహస్యంగా చెప్పి ఉంచాలి. వాళ్లు సంతోషంతో వీడ్కోలు బోనస్ ఇస్తామంటే, ఎథిక్స్ అధికారి చూడకముందు సంతకం పెట్టవద్దు. మామూలు ఒప్పందంలో లేని అలాంటి చెల్లింపు 10,000 డాలర్లు దాటితే, ఆ సంస్థకు సంబంధించిన విషయాల్లో రెండేళ్లు దూరంగా ఉండాల్సి వస్తుంది. వాషింగ్టన్ దగ్గర ఇల్లు అద్దెకు తీసుకోవడం, పిల్లల స్కూలు మార్చడం సెనేట్ ఓటు పడి, ప్రమాణం తేదీ ఖరారయ్యాక చూసుకోమనండి.